ఇంటిమీద ఎండ, గోడమీద మీటరు: లెక్క తప్పితే ఏం చేయాలి?



మా పావగడ ప్రాంతంలో ఉండేవారికి ఎండను గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. పేరుకు కర్ణాటకలోని తుమకూరు జిల్లా. మూడువైపులా ఆంధ్ర నేల. ఇళ్లలో తెలుగు, కచేరీల్లో కన్నడం. వాన కోసం ఆకాశంవైపు చూసి చూసి అలసిన ఈ నేలకే ఎండ ఒక పంటగా మారింది. తిరుమణి చుట్టుపక్కల సుమారు పదమూడువేల ఎకరాల్లో సోలారు పార్కు వెలసింది. రైతుల భూములు కొనకుండా ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. 2019 డిసెంబరు నాటికి అది 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరింది.

అంత పెద్ద పార్కులో లెక్కలు చూడటానికి ఇంజనీర్లున్నారు, కంప్యూటర్లున్నాయి. మన ఇంటి మిద్దెమీద పెట్టుకున్న నాలుగు పలకల లెక్క చూసేదెవరు? ఈనాటి ప్రసంగం దాని గురించే.

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. మూడు కిలోవాట్లు పెట్టుకున్న ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించింది. దాంతో చిన్న ఊళ్లలో కూడా మిద్దెలమీద నీలిరంగు పలకలు కనబడటం మొదలైంది. మిగిలిన డబ్బుకు చాలామంది బ్యాంకులో అప్పు తీసుకున్నారు. కరెంటు బిల్లులో మిగిలేదానితో కంతు కట్టుకోవచ్చుననేది వాళ్ల లెక్క. ఆ లెక్క అంతా గోడమీది మీటరు మీద ఆధారపడి ఉంది. మీటరు తప్పు చెబితే ఇంటి లెక్క కూడా తప్పుతుంది.

ముందుగా మన ఇంట్లో ఏ మీటరు ఏం చేస్తుందో తెలుసుకుందాం. సోలారు పెట్టిన ఇంటికి సాధారణంగా రెండు మీటర్లుంటాయి. ఒకటి నెట్ మీటరు. వీధి తీగ నుంచి మనం ఎంత కరెంటు తీసుకున్నాం, మన మిద్దె నుంచి వీధిలోకి ఎంత పంపాం, ఈ రెండూ అది చూపిస్తుంది. తీసుకున్నదాన్ని ఇంపోర్టు అనీ, పంపినదాన్ని ఎక్స్‌పోర్టు అనీ బిల్లులో రాస్తారు. రెండవది జనరేషన్ మీటరు. దీన్నే కొందరు సోలారు మీటరు అంటారు. పలకల నుంచి ఇన్వర్టరు ద్వారా మొత్తం ఎంత కరెంటు పుట్టిందో ఇది చెబుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మా బడిలో అయిదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. పుట్టిన కరెంటులో కొంత మన ఇంట్లోనే ఖర్చవుతుంది, మిగిలింది వీధిలోకి పోతుంది. కాబట్టి పుట్టినదాంట్లోంచి పంపినది తీసేస్తే మనం పగటిపూట నేరుగా వాడుకున్నది వస్తుంది. ఒక ఇంట్లో నెలకు 330 యూనిట్లు పుట్టి, 210 యూనిట్లు వీధిలోకి పోతే, ఇంట్లో నేరుగా వాడుకున్నది 120. రాత్రిపూట వీధి నుంచి 250 యూనిట్లు తీసుకున్నారనుకోండి. ఆ ఇంటి మొత్తం వాడకం 370. నెట్ మీటరు పద్ధతిలో బిల్లు కట్టాల్సింది మాత్రం 250లోంచి 210 పోగా మిగిలిన 40 యూనిట్లకు. దానికి ఫిక్స్‌డ్ చార్జీల వంటివి విడిగా కలుస్తాయి.

ఈ లెక్కను బట్టి ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. పంపినది ఎప్పుడూ పుట్టినదానికంటే ఎక్కువ కాకూడదు. కుండలో ఉన్నదానికంటే ఎక్కువ నీళ్లు వంచలేం కదా! బిల్లులో ఎక్స్‌పోర్టు అంకె జనరేషన్ అంకెను మించి కనబడిందంటే ఎక్కడో తప్పు జరిగిందన్నమాటే. మీటరన్నా తప్పు, చదివిన మనిషన్నా తప్పు.

"నెట్ మీటరును బట్టే బిల్లు వేస్తారు కదా, జనరేషన్ మీటరు తప్పయితే మనకేం నష్టం?" అని కొందరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. నెట్ మీటరు పద్ధతిలో జనరేషన్ అంకె నేరుగా బిల్లులోకి రాకపోవచ్చు. కానీ గ్రాస్ మీటరింగ్ అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో పుట్టిన ప్రతి యూనిట్‌నూ కంపెనీకే అమ్ముతాం. అలాంటి ఇంట్లో ఈ మీటరు ఒక్క యూనిట్ తగ్గించి చూపినా ఆ మేరకు మన డబ్బు పోయినట్టే. ఇక నెట్ మీటరు ఉన్న ఇంట్లో కూడా పలకలు సరిగా పనిచేస్తున్నాయా, అమర్చినవాడు చెప్పిన మాట నిలబెట్టుకున్నాడా అని చెప్పే సాక్షి ఈ మీటరే. సాక్షి అబద్ధం చెబితే నింద ఎవరిమీద పడుతుందో చెప్పలేం.

అలా నింద పడిన ఒక ఇంటి సంగతి చెబుతాను. సరిహద్దు ప్రాంతంలోనే ఒక ఊరు. ఊరి పేరూ, ఆఫీసు పేరూ మనకు అనవసరం. ఉమ్మడి కుటుంబం, త్రీఫేజు కనెక్షను, అయిదు కిలోవాట్ల సోలారు. మొదటి ఆరు నెలలూ బాగానే జరిగింది. ఏడో నెల బిల్లులో జనరేషన్ 400 యూనిట్లు, ఎక్స్‌పోర్టు 430 యూనిట్లు అని పడింది. ఆఫీసులో ఎవరో ఆ తేడా పసిగట్టారు. మీటరును అనుమానించవలసింది పోయి మనుషుల్ని అనుమానించారు. మంజూరైన పలకలు కాక దొంగతనంగా ఇంకేమైనా కలిపారా, డీజిలు జనరేటరు నుంచి కరెంటు పంపుతున్నారా అని సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. వీధిలోకి పంపిన 430 యూనిట్లను లెక్కలో కలపకుండా ఆపేశారు. రాత్రి వాడుకున్న 250 యూనిట్లకు పూర్తి బిల్లు వచ్చింది.

ఆ ఇంటి పెద్దాయన నోటీసు పట్టుకుని వచ్చారు. "అయ్యవారూ, డబ్బు పోతే పోయింది. నా వయసులో నన్ను కరెంటు దొంగ అంటారా?" అన్నారు. పలకలు అమర్చినవాణ్ణి అడిగితే తప్పు మీటరుదన్నాడట. ఆఫీసులో అడిగితే తప్పు పలకలదన్నారట. ఇద్దరి మధ్యా ఆయన నలిగిపోతున్నారు.

"అన్నా, ముందు ఒక నోటుపుస్తకం కొనండి" అన్నాను. దాని ఫలితం చివర్లో చెబుతాను. ఆ పుస్తకంలో ఏం రాయాలో, ఏ పరీక్షలు చేయాలో ముందు చూద్దాం. వీటిలో దేనికీ మీటరును ముట్టుకోనక్కరలేదు. కళ్లతో చూసి కాగితంమీద రాస్తే చాలు.

అన్నిటికంటే ముందు, మీటరు మీద నేరం మోపకముందు, అసలు కరెంటు పుట్టిందా అని చూసుకోవాలి. సగటున ఒక కిలోవాటు పలకలకు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున లెక్క వేస్తారు. మూడు కిలోవాట్లకు రోజుకు పన్నెండు. అయితే ఇది ఏడాది సగటు. ఆషాఢ శ్రావణాల్లో మబ్బుపట్టిన రోజున అందులో సగం కూడా రాకపోవచ్చు. నడివేసవిలో బాగా వస్తుందనుకుంటాం కానీ, పలకలకు వెలుతురు కావాలిగాని వేడి పనికిరాదు. మిట్టమధ్యాహ్నం పలక అరవై డిగ్రీలకు వేడెక్కితే దాని శక్తిలో పదో వంతుకు పైగా తగ్గుతుంది. దుమ్ము పేరుకున్నా, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఒక్క పలకమీద పడినా ఉత్పత్తి పడిపోతుంది.

పల్లెల్లో ఇంకో సంగతి ఉంది. వీధిలో కరెంటు పోతే మన సోలారు ఇన్వర్టరు కూడా వెంటనే ఆగిపోతుంది. బ్యాటరీ లేని సోలారు ఇంట్లో ఇది తప్పదు. ఎందుకంటే, లైన్‌మన్ స్తంభమెక్కి తీగ పట్టుకున్నప్పుడు మన మిద్దె నుంచి కరెంటు పోతే అతని ప్రాణానికే ముప్పు. వోల్టేజి మరీ పెరిగినప్పుడు కూడా ఇన్వర్టరు ఆగుతుంది. పగలు మూడు గంటలు కరెంటు కోత ఉన్న ఊళ్లో ఆ మూడు గంటల ఎండా వృథాయే. ఆ తగ్గుదలకు మీటరును తప్పుపట్టలేం.

మరి ఎలా తేల్చుకోవడం? ఇన్వర్టరు తెరమీద ఆనాటి ఉత్పత్తి కనబడుతుంది. చాలావాటికి ఫోనులో కూడా లెక్క వస్తుంది. ఇన్వర్టరు అంకె, మీటరు అంకె రెండూ కలిసే తగ్గితే లోపం పలకల వైపు ఉంది, లేదా కరెంటు కోత వల్ల వచ్చింది. ఇన్వర్టరు అంకె మామూలుగానే ఉండి మీటరు అంకె ఒక్కటే తగ్గితే, అప్పుడు మీటరును అనుమానించాలి.

ఇక పరీక్షలు. మొదటిది పట్టపగటి పరీక్ష. మబ్బులేని రోజున పన్నెండు గంటలకు మీటరు ముందు నిలబడండి. మీటరు మీద చిన్న ఎర్రదీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మినుకుతుందో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది. 1600 కావచ్చు, 3200 కావచ్చు. గడియారం చూస్తూ ఒక నిమిషంలో ఎన్ని మినుకులో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను అరవైతో గుణించి, మీటరు మీది సంఖ్యతో భాగించండి. ఆ క్షణాన ఎన్ని కిలోవాట్లు మీటరు గుండా పోతున్నాయో వస్తుంది. ఉదాహరణకు 3200 అని ఉన్న మీటరు నిమిషానికి 64 సార్లు మినికిందనుకోండి. 64ను అరవైతో గుణిస్తే 3840. దాన్ని 3200తో భాగిస్తే 1.2 కిలోవాట్లు. అదే నిమిషంలో ఇన్వర్టరు తెర కూడా 1.2కు దగ్గరగా చూపిస్తే మీటరు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇన్వర్టరు 1.8 చూపుతూ మీటరు 1.2 చెబితే, ఎక్కడో లోపముంది. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు మీటరు దగ్గర, ఒకరు ఇన్వర్టరు దగ్గర నిలబడి చేయండి. పిల్లలకు ఈ పని అప్పజెబితే సంతోషంగా చేస్తారు, గుణకారం భాగహారం కూడా వంటబడతాయి.

రెండవది రాత్రి పరీక్ష. పొద్దుగూకిన తర్వాత జనరేషన్ మీటరు అంకె రాసి పెట్టుకోండి. తెల్లవారి పొద్దు పొడవకముందే మళ్లీ చూడండి. చీకట్లో పలకలు కరెంటు పుట్టించవు. ఉత్పత్తి అంకె రాత్రిపూట పెరిగిందంటే ఆ మీటరు మాట నమ్మదగింది కాదు.

మూడవది వారం పరీక్ష. ఏడు రోజులపాటు ప్రతిరోజూ ఒకే సమయానికి, పొద్దుగూకాక అయితే మంచిది, మీటరు అంకె, ఇన్వర్టరు అంకె పక్కపక్కన రాయండి. వారం చివర రెండు మొత్తాలూ పోల్చండి. ఇళ్లకు పెట్టే మామూలు మీటరుకు నూటికి ఒక పాలు అటూఇటూ ఉండవచ్చునని ప్రమాణం. ఇన్వర్టరు కొలత అంత కచ్చితమైనది కాదు. అందుకని రెండింటికీ మధ్య నూటికి నాలుగైదు తేడా వస్తే కంగారుపడకండి. పది దాటి, ప్రతిరోజూ అదే తేడా వస్తుంటే ఫిర్యాదు చేయదగిన విషయమే.

నాలుగవది బిల్లు పరీక్ష. మీటరు బాగానే ఉండి, చదవడంలో తప్పు జరిగే సందర్భాలు తక్కువేమీ కాదు. ఈ మీటర్ల తెరమీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ ఉంటాయి. తేదీ, వోల్టేజి, ఇంపోర్టు యూనిట్లు, ఎక్స్‌పోర్టు యూనిట్లు ఇలా వరసగా వస్తాయి. తీగలు కలిపిన దిశను బట్టి జనరేషన్ మీటరులో ఉత్పత్తి ఒక గడిలో నమోదవుతుంది, రెండో గడిలో దాదాపు సున్నా ఉంటుంది. రీడింగు తీసే అబ్బాయి తొందరలో ఆ రెండో గడి రాసుకుపోతే, నెలంతా ఎండ కాసినా ఉత్పత్తి రెండు యూనిట్లని బిల్లులో పడుతుంది. అలాగే రెండు మీటర్ల అంకెలు తారుమారు కావచ్చు. మీటరు నంబరు, పోయిన నెల అంకె, ఈ నెల అంకె మూడూ మీ పుస్తకంతో సరిచూసుకోండి. బిల్లులో గుణకం అని ఒక గడి ఉంటుంది. కన్నడ బిల్లులో దాన్ని స్థిరాంక అంటారు, మరాఠీ బిల్లులో గుణక అవయవ్ అంటారు. మామూలు ఇంటి మీటరుకు అది ఒకటి అని ఉండాలి. వేరే అంకె ఉంటే ఎందుకో అడగండి.

ఈ పరీక్షలన్నిటిలో మీరు చేయకూడని పనులు కూడా చెప్పాలి. మీటరు సీలు ముట్టుకోవద్దు. మూత విప్పి చూడవద్దు. తెలిసిన ఎలక్ట్రీషియనే కదా అని అతని చేత విప్పించవద్దు. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను ప్రకారం మీటరులో జోక్యం చేసుకోవడం దొంగతనం కింద లెక్కకు రావచ్చు. మూడేళ్ల వరకూ జైలుశిక్ష ఉంది. సీలు చెదిరితే, న్యాయం మీవైపు ఉన్నా మీ మాట నిలవదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మెయిను స్విచ్చి కట్టేసినా, ఎండ ఉన్నంతసేపూ పలకల నుంచి దిగే తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. కొన్ని ఇళ్లలో అది వందల వోల్టులు కూడా ఉంటుంది. మీటరు దగ్గర కాలిన వాసన వచ్చినా, మూత కరిగినట్టు కనబడినా దగ్గరికి పోకుండా వెంటనే ఫోను చేయండి. చాలా రాష్ట్రాల్లో కరెంటు ఫిర్యాదుల నంబరు 1912.

ఇప్పుడు ఫిర్యాదు సంగతి. నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది. లైన్‌మన్‌తో చెప్పాం, చూస్తానన్నాడు అని నెలల తరబడి కూర్చోవద్దు. కాగితంమీద రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. ఫోనులో చెబితే ఫిర్యాదు నంబరు అడిగి తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఉత్తరంలో కోపం అక్కరలేదు, వివరాలు కావాలి. మీ కనెక్షను నంబరు, రెండు మీటర్ల నంబర్లు, సోలారు ఎన్ని కిలోవాట్లో, ఎప్పుడు మొదలైందో రాయండి. ఏ తేదీ నుంచి తేడా కనబడిందో చెప్పండి. వారం రోజుల పట్టిక జతచేయండి. మీటరు తెర ఫొటోలు ఉంటే అవీ పెట్టండి. చివర్లో మీకు ఏం కావాలో స్పష్టంగా అడగండి: మీటరు పరీక్షించండి, పక్కన చెక్ మీటరు పెట్టండి, తప్పు తేలితే పాత బిల్లులు సరిచేయండి.

దీనికి ఆధారమైన నియమాలున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు తెచ్చింది. మీటరు మీద ఫిర్యాదు అందిన తర్వాత ముప్పై రోజులు మించకుండా పరీక్ష జరపాలని వాటిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ఇంకో అడుగు ముందుకు వేసింది. వాడకానికీ మీటరు అంకెకూ పొంతన లేదని వినియోగదారు ఫిర్యాదు చేస్తే, అయిదు రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు సరిచూడాలి. ఈ సవరణ మాటలు వాడకం గురించి ఉన్నాయి. కాబట్టి నెట్ మీటరు విషయంలో దీన్ని నేరుగా పేర్కొనవచ్చు. జనరేషన్ మీటరు విషయంలో అదే న్యాయం తమకూ వర్తింపజేయమని కోరవచ్చు.

అక్కడ పని జరగకపోతే దారి మూసుకుపోలేదు. 2003 చట్టం 42వ సెక్షను ప్రకారం ప్రతి కరెంటు కంపెనీకీ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉండాలి. అక్కడ కూడా తృప్తి కలగకపోతే పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంటారు. ఈ లోపల బిల్లు కట్టలేదని కరెంటు కోస్తారేమోనని భయం వద్దు. వివాదంలో ఉన్న బిల్లుకు, వాళ్లు అడిగిన మొత్తంగాని, గత ఆరు నెలల సగటు బిల్లుగాని, ఏది తక్కువైతే అది ఆక్షేపణ తెలుపుతూ కట్టవచ్చు. అలా కడితే వివాదం తేలేదాకా కరెంటు కోయకూడదని 56వ సెక్షను చెబుతోంది. అసలే కట్టకుండా ఉండటం మాత్రం తెలివైన పని కాదు.

పలకలు అమర్చినవారినీ వదలకండి. పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టినవారు అయిదేళ్లపాటు నిర్వహణ చూడాలన్నది ఒప్పందంలో భాగం. ఇన్వర్టరు వైపు అంతా సరిగా ఉందని వాళ్ల చేత రాయించుకుంటే ఫిర్యాదుకు బలం వస్తుంది.

ఇక భాష విషయం. మనలాంటి సరిహద్దు తెలుగువాళ్లకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మనసులో బాధ తెలుగులో ఉంటుంది, ఆఫీసులో కాగితం ఇంకో భాషలో ఉంటుంది. అందరికీ తెలిసినట్టనిపించే మాటలే మనల్ని మోసం చేస్తాయి. ఫిర్యాదు అనే ఒక్క మాటనే తీసుకోండి. కన్నడంలో దాన్ని దూరు అంటారు. మన తెలుగులో దూరడం అంటే లోపలికి చొరబడటం. తమిళంలో పుగార్ అంటారు. మనకు పుకారు అంటే గాలికబురు! ఒడియాలో అభిజోగ్ అంటారు. మనకు అభియోగమంటే ఒకరిమీద మోపే నేరం. మరాఠీలో తక్రార్ అంటారు. మనకు తకరారు అంటే తగువు. బళ్లారిలో, హోసూరులో, పర్లాకిమిడిలో, చంద్రపూరులో ఉన్న మన తెలుగువాడు ఆఫీసు గుమ్మంలో ఈ మాట విని, "నేను తగువుకు రాలేదండీ, ఎవరిమీదా నేరం మోపడం లేదండీ" అని వెనక్కి తగ్గితే ఆశ్చర్యమేముంది? ఆ భాషల్లో ఆ మాటకు అర్థం విన్నపం చేసుకోవడమే. జంకనక్కరలేదు. యానాం వారికి ఈ ఇబ్బంది తక్కువ. అక్కడ తెలుగులోనే రాసి ఇవ్వవచ్చు.

మన రాజ్యాంగం 350వ అధికరణం ఒక హక్కు ఇచ్చింది. తన కష్టం తీర్చమని ప్రభుత్వ అధికారికి పెట్టుకునే అర్జీని, దేశంలోగాని ఆ రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు. కాబట్టి తెలుగులో రాసిన అర్జీ అర్జీయే. అయినా నా సలహా ఏమిటంటే, హక్కు హక్కుగానే ఉంచుకుని, పని జరిగే దారి చూసుకోండి. అర్జీ ఆ రాష్ట్ర భాషలో రాయించండి. రాసేవారికి మీ బాధ మొత్తం తెలిసేలా ముందు తెలుగులో చెప్పండి. సంతకం పెట్టేముందు తిరిగి తెలుగులో చదివించుకుని వినండి. మీ ఊరి బడిలో చదివే పదో తరగతి పిల్లకు రెండు భాషలూ వచ్చి ఉంటాయి. ఆ అమ్మాయి చేత రాయించండి, లేదా మాలాంటి ఉపాధ్యాయుల్ని అడగండి. ఇక అంకెల పట్టికకు ఏ భాషా అడ్డురాదు. ఏ ఆఫీసులోనైనా, ఏ గుమాస్తా అయినా దాన్ని చదవగలడు.

ఇప్పుడు ఆ పెద్దాయన నోటుపుస్తకం దగ్గరికి వద్దాం. ఆయన కోడలు రోజూ సాయంత్రం రెండు అంకెలు రాసింది. మొదటిరోజు ఇన్వర్టరు 21 యూనిట్లు, మీటరు 14. మబ్బుపట్టిన రోజు ఇన్వర్టరు 12, మీటరు 8. ఇంకోరోజు 18, 12. పదిహేను రోజుల పట్టిక చూస్తే విషయం తేటతెల్లమైంది. ఎండ ఎక్కువైనా తక్కువైనా మీటరు చెప్పేది ఎప్పుడూ మూడింట రెండు వంతులే. పలకల లోపమైతే ఇన్వర్టరు అంకె కూడా తగ్గాలి. దొంగతనంగా పలకలు కలిపి ఉంటే ఇంత నికరమైన భిన్నం రానే రాదు. మూడు ఫేజుల్లో ఒక ఫేజు కొలత మీటరుకు అందడం లేదనడానికి అదే గుర్తు.

పట్టిక జతచేసి, చెక్ మీటరు పెట్టమని అర్జీ ఇచ్చారు. ఆఫీసువారు పక్కన ఇంకో మీటరు పెట్టారు. కొత్త మీటరు అంకె ఇన్వర్టరుతో సరిపోయింది. పాత మీటరును పరీక్షకు పంపితే లోపలే ఒక ఫేజు నమోదు కావడం లేదని తేలింది. నెలకు పుట్టింది 400 కాదు, 600. అందులోంచి 430 వీధిలోకి పోతే 170 ఇంట్లో వాడారు. ఆపేసిన యూనిట్లు తర్వాతి బిల్లులో కలిపారు, నోటీసు ఉపసంహరించుకున్నారు. ఉపసంహరణ కాగితం మీద సంతకం తీసుకున్నాకగాని ఆయన ఇంటికి కదల్లేదు. ఆయనకు యూనిట్లకంటే ఆ కాగితమే ముఖ్యం.

మీటరు మార్చే రోజున ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాత మీటరు చివరి అంకె, కొత్త మీటరు మొదటి అంకె, రెండింటి నంబర్లు రాసిన కాగితం మీద మార్చినవారి సంతకం తీసుకోండి. వీలైతే రెండింటి ఫొటోలు తీసుకోండి. ఇది లేకపోతే పాత తగువు పోయి కొత్త తగువు మొదలవుతుంది. ఇన్వర్టరు మార్చినా అంతే. కొత్త ఇన్వర్టరు సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఆ తేదీ పుస్తకంలో ఉండాలి.

చివరిగా ఒక్క మాట. పాలవాడి లెక్క గోడమీద గీతలు గీసి రాసుకునేవాళ్లు మన పెద్దవాళ్లు. చాకలి పద్దు పుస్తకంలో రాసేవాళ్లు. ఎవరిమీదో అనుమానంతో కాదు, ఇద్దరి మధ్యా మాట పోకూడదని. సోలారు మీటరుకు కూడా అదే మర్యాద పాటించండి. లోపం కనబడిన తర్వాత పుస్తకం కొనడం కాదు, పలకలు పెట్టిన రోజే కొనండి. రోజూ కుదరకపోతే వారానికి ఒకసారి, ఆదివారం సాయంత్రం పొద్దుగూకాక రెండు అంకెలు రాయండి. అర నిమిషం పని. మీటరు నిజం చెబుతున్నంతకాలం ఆ పుస్తకం అలమరలో ఊరికే ఉంటుంది. అది తప్పు చెప్పిన రోజున మాత్రం, ఏ భాషలోని ఆఫీసుకు వెళ్లినా, మీ తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే.